తెర లేని తోలుబొమ్మలు: ఒక చిన్న గ్యాలరీ కేస్ స్టడీ

ప్రదర్శనలు డిజైన్ చేయడం, వాటిలో పెట్టే వస్తువులు పాడవకుండా చూసుకోవడం నా పని. ఈ కేసు కొన్నేళ్ళ కిందటిది. ఊరి పేరు, గ్యాలరీ పేరు, బొమ్మలు ఇచ్చిన కుటుంబం పేరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. బొమ్మలకు ఏం జరిగిందో మాత్రం జరిగింది జరిగినట్టే రాశాను.

నేపథ్యం

రాయలసీమలో ఒక జిల్లా కేంద్రం. పాత కచేరీ (సర్కారు ఆఫీసు) భవనంలో నడిచే గ్యాలరీ. మందపాటి రాతి గోడలు, మూడు గదులు, నలుగురు సిబ్బంది. తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చాక, మన దగ్గరా తోలుబొమ్మల ప్రదర్శన ఒకటి పెట్టాలని అక్కడి ఇన్‌ఛార్జి గారికి అనిపించింది. చుట్టుపక్కల ఊళ్ళలో వెతికితే, మూడు తరాలుగా బొమ్మలాట ఆడిన ఒక కుటుంబం 38 బొమ్మలు 90 రోజులకు అరువుగా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆగస్టు మధ్యలో ప్రారంభించారు. ప్రదర్శన కట్టింది నేను కాదు, ఎగ్జిబిషన్లకు స్టాళ్ళు వేసే ఒక ఏజెన్సీ.

వాళ్ళు చేసిన పని చూడ్డానికి నీటుగానే ఉంది. గోడల వెంట తెల్ల రంగు వేసిన ప్లైవుడ్ బోర్డులు, ఒక్కో బోర్డు మీద ఒక్కో బొమ్మ. బొమ్మ వంకర పోకుండా చుట్టూ పది పన్నెండు చోట్ల గుండుసూదులు. పైనుంచి స్పాట్‌లైట్లు. గదికి రెండు ఏసీలు. తైలవర్ణ చిత్రాలైతే ఇలా పెట్టినా నేనేమీ అనను.

కానీ తోలుబొమ్మ తయారయ్యే తీరు వేరు. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు పోయేలా గీకి, పలచగా అద్దంలా అయ్యేదాకా సాగదీసి ఆరబెడతారు. చెప్పుల తోలులా పదును చేసింది (నిలవ ఉండేలా శుద్ధి చేసింది) కాదు, పచ్చి తోలు. రంగు రెండు వైపులా వేస్తారు. నగలు, పట్టు అంచులు ఉన్నచోట ఉలితో వందల చిల్లులు కొడతారు. ఇవన్నీ వెనక దీపం ఉంటుందని నమ్మి చేసిన పనులు. ఒకప్పుడు ఆముదం దీపం, తర్వాత పెట్రోమాక్స్, ఇప్పుడు కరెంటు బల్బు. తెల్లబోర్డుకు ఆనించి ముందునుంచి వెలుగు కొడితే ఆ చిల్లుల్లో కనిపించేది ప్లైవుడ్. ఎరుపు గోధుమరంగుగా, ఆకుపచ్చ నలుపుగా కనిపిస్తాయి.

నన్ను ఎందుకు పిలిచారు

ప్రారంభమైన మూడు వారాలకు ఇన్‌ఛార్జి గారు ఫోన్ చేశారు. "మేడమ్, జనం రావడం లేదు. వచ్చినవాళ్ళు కూడా అట్లా ఒక చుట్టు తిరిగి పోతున్నారు. లేబుల్సో లైటింగో ఏదో ఒకటి మార్చాలి, ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. బొమ్మలకు ఏదో అయిందని ఆయన అనలేదు. ఆయనకు తెలియదు కూడా.

నేను వెళ్ళిన రోజు పొద్దున గది తాళం తీసిన అటెండర్ నన్ను నేరుగా హనుమంతుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. "మొదట్లో ఇట్ల లేదు మేడమ్" అని తోక చూపించాడు. తోక కొస బోర్డు నుంచి రెండు వేళ్ళ ఎత్తు లేచి లోపలికి మెలి తిరిగి ఉంది. పక్కనే రావణుడు. ఒక చేతి దగ్గర, సరిగ్గా గుండుసూది గుచ్చినచోట, బొటనవేలు గోరంత చిరుగు. వంగి భూతద్దంతో చూశాను. చిరుగు అంచు తెల్లగా, పచ్చిగా ఉంది. ఆటల్లో ఎప్పుడో చిరిగినదైతే అంచుకు నూనె పొగ, చేతి మురికి పట్టి నల్లబడి ఉంటుంది. ఇది ఈ గదిలో, ఈ మూడు వారాల్లో జరిగింది.

ఆ రోజు సాయంత్రంలోగా 38 బొమ్మలూ చూసి రాసుకున్నాను. 11 బొమ్మలు ముడుచుకున్నాయి, మూడింటికి కొత్త చిరుగులు. అరువు తీసుకున్నప్పటి కండిషన్ రిపోర్టు (బొమ్మ ఏ స్థితిలో వచ్చిందో రాసిన పత్రం) అడిగితే ఒక జాబితా ఇచ్చారు. పేరు, ఎత్తు, అంతే. ఫొటోలు లేవు. (పాత బొమ్మల్లో జింక తోలువి ఉంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి చూడాలి, దాని గురించీ ఎవరూ అడగలేదు. ఇంటివాళ్ళను అడిగాను. ఇవన్నీ మేక తోలే.)

మొదటి నిర్ణయం: గది మూసేయాలా? మూసేయాలనే నా అభిప్రాయం. అరువు తెచ్చిన వస్తువు విషయంలో మన మొదటి బాధ్యత యజమాని పట్ల, ఆ తర్వాతే ప్రేక్షకుడి పట్ల. ఇన్‌ఛార్జి గారు ఒప్పుకోలేదు, పై అధికారి రాక ఉందన్నారు. చివరికి ముడుచుకున్న 11 బొమ్మలను దించి, మిగతావాటికి గుండుసూదులు తీసేసి, పైన వెదురు బద్ద నుంచి మాత్రమే వేలాడదీసేలా రాజీ పడ్డాం. ఖాళీ అయిన బోర్డుల మీద "ఈ బొమ్మకు మరమ్మతు అవసరమై దించాం" అని రాసి పెట్టించాను. ఆ మాట రాయడం ఆయనకు ఇష్టం లేదు. కానీ ఇంటివాళ్ళు ఎప్పుడైనా రావచ్చు, ఖాళీ చోటు చూసి వాళ్ళు కంగారు పడకూడదు. అదే రోజు వాళ్ళకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాం.

నేను పొరబడిన చోటు

తోలు ఎందుకు ముడుచుకుంటోంది? పైన స్పాట్‌లైట్లు కనిపిస్తూనే ఉన్నాయి, వేడివల్లే అనుకున్నాను. హాలోజన్లు తీయించి ఎల్ఈడీలు పెట్టించాను. నాలుగు రోజులు గడిచాయి. బాగున్నాయనుకున్న బొమ్మల్లో ఇంకో రెండింటికి అంచులు లేచాయి. కొలవకుండా మందు వేశాను. ఆ నాలుగు రోజుల్లో పోయిన కాలం కన్నా, ఆ రెండు బొమ్మలే నాకు ఎక్కువ బాధ.

అప్పుడు తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్లు రెండు తెప్పించి, ఒకటి బోర్డు వెనక, ఒకటి గది మధ్యలో పెట్టాం. రాత్రి కాపలా ఉండే అతను గంటకోసారి అంకె రాయడానికి ఒప్పుకున్నాడు. రెండు రోజుల కాగితం చూడగానే విషయం తేలిపోయింది. పగలు ఏసీ నడిచినంతసేపూ తేమ 38, 40 శాతం. సాయంత్రం ఐదింటికి ఏసీ ఆపేసి, "గాలాడాలని" కిటికీలు తెరిచి ఊడుస్తారు. సెప్టెంబరు వానల రాత్రి గాలి లోపలికి వస్తుంది. తెల్లవారేసరికి 74. పచ్చి తోలు తేమ పీల్చి సాగుతుంది, ఆరితే బిగుసుకుంటుంది. రోజుకొకసారి సాగి, బిగుసుకునే తోలును పన్నెండు చోట్ల సూదులతో బిగించి పెట్టారు. చిరగకుండా ఎలా ఉంటుంది?

మ్యూజియం పుస్తకాల ప్రకారం 45 నుంచి 55 శాతం మధ్య ఉంచాలి. దానికి ఏసీలు రాత్రీ పగలూ నడవాలి. బిల్లు కట్టే స్తోమత గ్యాలరీకి లేదు. ఉన్నా ఆ ఊళ్ళో కరెంటు పోకుండా ఉండదు. పోయిన ప్రతిసారీ అదే ఊగిసలాట. ఏం చేయాలో తోచక, సంరక్షణ పనిలో నాకన్నా అనుభవం ఉన్న ఒక స్నేహితురాలికి ఫోన్ చేశాను. "ఇంట్లో వాళ్ళు ఎక్కడ దాచేవాళ్ళో అడిగావా?" అంది. అడగలేదు. అడిగితే తెలిసింది: అటక మీద, వెదురు పెట్టెలో, పాత చీరల్లో చుట్టి. ఏసీ అనే మాటే లేదు. అరవై ఏళ్ళు దాటిన బొమ్మలు కూడా అక్కడ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అందుకే ఏసీలు పూర్తిగా ఆపేశాం. కిటికీలు మూసి మందపాటి గుడ్డ తెరలు కట్టాం. ఊడవడం తడిగుడ్డ లేకుండా, పొద్దున పూట. రాతి గోడలు మిగతాది చూసుకున్నాయి. వారం తర్వాత అంకెలు 59కీ 65కీ మధ్య నిలిచాయి. పుస్తకంలో ఉన్న అంకె కాదు, కానీ రోజులో తేడా ఆరు శాతమే. దీనికి ధర ఉంది. 65 దాటితే బూజు భయం, కాబట్టి ప్రతి సోమవారం ప్రతి బొమ్మ వెనకా టార్చి వేసి చూడాలి. ప్రేక్షకులకు ఉక్క. వాళ్ళకోసం ద్వారం దగ్గర బెంచీ, ఫ్యాన్ పెట్టాం, గాలి బొమ్మల వైపు తగలకుండా.

ముడుచుకున్నవాటిని చదును చేయడానికి ఒక ఉద్యోగి ఇస్త్రీ పెట్టె తెస్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ వేడి తగిలితే పచ్చి తోలు కుంచించుకుపోతుంది, మళ్ళీ తిరిగి రాదు. నీళ్ళు చిలకరిస్తే రంగు కారుతుంది. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడి గుడ్డ, దానిమీద జాలీ, జాలీ మీద బొమ్మ. తోలు మెత్తబడే వరకు గంటగంటకూ వేలితో చూసుకుంటూ, మెత్తబడ్డాక రెండు బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి పైన తేలికపాటి బరువు. పదమూడు బొమ్మలకు తొమ్మిది రోజులు పట్టింది. హనుమంతుడి తోక ఒక్కటే పూర్తిగా సర్దుకోలేదు.

జనం ఎక్కడ ఆగారు

ఇంతలో అసలు ఫిర్యాదు అలాగే ఉంది. రెండు రోజులు గది మూలన కుర్చీ వేసుకుని నోట్‌బుక్‌తో కూర్చున్నాను. గదిలో చాలామంది నాలుగు నిమిషాలు కూడా ఉండలేదు. లేబుల్ పూర్తిగా చదివినవాళ్ళు ఒకరిద్దరు. అవి ముందు ఇంగ్లీషులో రాసి, తర్వాత తెలుగు చేసిన పెద్ద పేరాలు. "ఈ కళాఖండం రామాయణ ఇతిహాసంలోని ఒక ప్రముఖ పాత్రను చిత్రీకరిస్తుంది" అని రావణుడి కింద రాసి ఉంది. మన జిల్లాలో రావణుణ్ణి గుర్తుపట్టలేనివాళ్ళెవరు?

కానీ ఒక్కచోట అందరూ ఆగుతున్నారు. గోడల మీద చోటు చాలక, బొమ్మలాటలో హాస్య పాత్ర అయిన బంగారక్క బొమ్మను ఏజెన్సీవాళ్ళు పడమటి కిటికీ దగ్గర దూలానికి వేలాడదీశారు. అప్పటికి ఆ ఒక్క కిటికీకి ఇంకా గుడ్డ కట్టలేదు. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో ఓ ఇరవై నిమిషాలు ఎండ వెనకనుంచి పడుతుంది. చీర ఎర్రగా మండుతుంది, ముక్కెర చిల్లు నుంచి వెలుగు చుక్క నేలమీద పడుతుంది. ఒక చిన్న పిల్ల ఆ చుక్కను అరచేతిలో పట్టుకుని వాళ్ళమ్మను పిలవడం చూశాను. గదిలో ఎవరైనా ఎవరినైనా పిలిచి చూపించడం ఆ రెండు రోజుల్లో అదొక్కసారే.

బొమ్మకు నేరుగా తగిలే ఎండ కన్నా హాని ఇంకోటి లేదు. ఆ సాయంత్రమే దాన్ని తీసి లోపల పెట్టాను. గదిలో ప్రాణం ఉన్న ఒక్క చోటునూ నా చేత్తోనే మూసేశాను. అయితే ఏం కావాలో తెలిసింది: వెలుగు వెనకనుంచి రావాలి.

ఎల్ఈడీ ప్యానెళ్ళు: అయిదు రోజుల ప్రయోగం

తొందరపడి సులువైన దారి పట్టాను. సీలింగుకు బిగించే చదరపు ఎల్ఈడీ ప్యానెళ్ళు ఆరు తెచ్చి, ఆరు బొమ్మల వెనక పెట్టాం. రంగులన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. మేమంతా సంతోషించాం. మర్నాడు వచ్చినవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ప్లాస్టిక్కా?" రెండో ప్రశ్న, "ల్యాంప్ షేడ్ ఎంత?" నిమ్మలకుంటవాళ్ళు తోలు ల్యాంప్ షేడ్లు చేసి అమ్మడం అందరికీ తెలుసు, హస్తకళల దుకాణాల్లో చూసే ఉంటారు. వెలుగు అంతటా ఒకే తీరుగా పరుచుకోవడంతో బొమ్మ, షాపు ముందు లైటు బోర్డులా మారిపోయింది.

ఇంకో లెక్క కూడా ఉంది. రంగులద్దిన ఇలాంటి వస్తువుల మీద పడే వెలుగు 50 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) మించకూడదని మా పనిలో నియమం. వెలుగు వల్ల జరిగే హాని ఎప్పటికప్పుడు పేరుకుంటూ పోతుంది, మళ్ళీ తగ్గదు. ప్యానెల్ కాంతి తగ్గించినా తోలు దగ్గర మీటరు 300 చూపించింది. రోజుకు ఏడు గంటలు నడిస్తే 2,100 లక్స్-గంటలు. 50 లక్స్ దగ్గర ఆరు రోజుల్లో పడాల్సిన వెలుగు ఒక్క రోజులో పడుతోంది. అయిదో రోజు తీసేశాం.

"తెర యాడ?"

అప్పటికి గానీ నాకు ఆ ఇంటి పెద్దాయనను గదిలోకి పిలిపించాలని తట్టలేదు. అరువు పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు గానీ, ఎలా పెట్టాలో ఆయన్ను ఎవరూ అడగలేదు, నాతో సహా. కారు పంపి పిలిపించాం. ఆయన గది మధ్యలో నిలబడి ఒక చుట్టు చూసి, "ఏమ్మా, తెర యాడ?" అన్నాడు.

"తెర లేదు తాతా, బొమ్మలు బాగా కనపడాలని..."

"తెరకు ఆనకుంటే బొమ్మ ఎట్ల పలుకుతాది?"

ఒక దుప్పటి తెప్పించి, ఇద్దరు పట్టుకుంటే, వెనక సెల్‌ఫోన్ టార్చి పెట్టి చూపించాడు. బొమ్మ గుడ్డకు ఆనినంత మేర గీత గీసినట్టు ఉంది. చేయి అర అంగుళం వెనక్కి తీస్తే ఆ చేయి మసకబారి పెద్దదైంది. దీపం కొద్దిగా ఊగితే రావణుడి చేతులన్నీ ఊగాయి. ప్యానెల్‌లో లేనిది ఇదే: ఒక్క చోటు నుంచి వచ్చే వెలుగు, దానికీ మనకూ మధ్య గుడ్డ. ఆటలో లేని బొమ్మలను ఈతముళ్ళతో తెరకే గుచ్చి నిలబెట్టేవాళ్ళమని కూడా చెప్పాడు. సూదులతో బిగించడం తప్పు కాదు, బొమ్మ కదిలే చోటు వదలకుండా బిగించడం తప్పు. ఒక ముల్లు తల దగ్గర, ఒకటి నడుము దగ్గర, అంతే.

ఆయన మాటను బట్టి గది మొత్తం మళ్ళీ కట్టాం. ముందు సగంలో పన్నెండు అడుగుల తెల్ల నూలు తెర, పైభాగం ప్రేక్షకుల వైపు కాస్త వాలి ఉండేలా. ఆముదం దీపం పెట్టాలని నాకూ ఉంది, కానీ నిప్పు, మసి. దీపానికి బదులు పసుపు వెలుగు ఇచ్చే గాజు ఫిలమెంట్ ఎల్ఈడీ బల్బులు రెండు, వైరుకు ఎత్తు తక్కువలుగా వేలాడదీశాం. ఫ్యాన్ గాలికి అవి కొద్దిగా ఊగుతుంటే ఎలక్ట్రీషియన్ బిగించబోయాడు. అలాగే ఉండనీ అన్నాను.

తెర మీద పాత బొమ్మలు పెట్టలేదు. ఈ నిర్ణయం మీద వాదన బాగా జరిగింది. పాతవే పెడితే నిజాయితీ అన్నారు ఇన్‌ఛార్జి గారు. కానీ తెర మీది బొమ్మ రోజంతా వెలుగులో ఉంటుంది, పిల్లలు వెనక్కి వెళ్ళి ఆడిస్తారు కూడా. అందుకని ఇంట్లో ఉన్న మూడు కొత్త బొమ్మలకు తోడు రెండు కొత్తవి చేయించి, డబ్బు కట్టాం. ఏవి కొత్తవో పక్కనే రాశాం.

వెనక సగంలో పాతవి, ఒకసారికి 14 మాత్రమే, 50 లక్స్‌లో. మిగతావి పెట్టెలో, నెల తర్వాత మార్పిడి. పెట్టెలో గ్యాలరీ నంబర్ల వరసలో పేర్చి ఉంటే పెద్దాయన కట్టలు విప్పించాడు, "రాముణ్ణీ రావణుణ్ణీ ఒకే కట్టలో పెట్టం" అన్నాడు. నంబర్ల పుస్తకం తిరిగి రాసుకున్నాం. ఆరు బొమ్మల వెనక పాత ఎల్ఈడీ ప్యానెళ్ళే, ముందు నూలు గుడ్డ పరిచి, కాలింగ్ బెల్ స్విచ్‌తో పెట్టాం. నొక్కితే 20 సెకన్లు వెలుగుతుంది. రోజుకు వందసార్లు నొక్కినా ముప్పై మూడు నిమిషాలే, అంటే 170 లక్స్-గంటల లోపు. తనే నొక్కి వెలిగించుకున్న బొమ్మ ముందు మనిషి ఆరిపోయే దాకా నిలబడతాడు. ఇది నేను ఊహించలేదు.

లేబుళ్ళు పెద్దాయనతో కూర్చుని తెలుగులో తిరిగి రాశాం. హనుమంతుడిది ఇదీ: "తోక కొస దగ్గర తోలు రంగు వేరుగా ఉంటుంది, చూడండి. తోక తెగితే ఇంకో బొమ్మ ముక్క తెచ్చి కుట్టారు. కుట్టింది ఈ ఇంటి నాయనమ్మ." ఆ కుట్టు కోసం జనం తలలు దగ్గర పెట్టి వెతికేవాళ్ళు.

మిగిలిన లోపాలు

మళ్ళీ నోట్‌బుక్‌తో కూర్చున్నప్పుడు కుటుంబాలు పావుగంట, ఇరవై నిమిషాలు ఉండటం చూశాను. స్కూళ్ళ నుంచి ఫోన్లు వచ్చాయి. కానీ అన్నీ కుదరలేదు. శనివారం సాయంత్రాలు ఆట పెట్టిద్దామనుకున్నాం. అయిదు తర్వాత సిబ్బందిని ఉంచడానికి అనుమతి దొరక్క మూడు ఆటలతో ఆగిపోయింది. ఆ మూడు రోజులూ నవ్వించే పాత్ర జుట్టుపోలిగాడు తెర మీదికి రాగానే గదిలో నిలబడ్డానికి చోటు లేదు. అక్టోబరు చివర్లో ఒక లక్ష్మణుడి వెనక బూజు చుక్క కనిపించింది. సోమవారం తనిఖీ లేకపోయి ఉంటే కనిపించేది కాదు. ఆ బొమ్మను వేరుచేసి పొడి బ్రష్‌తో తీశాం. పక్క బొమ్మలకు పాకలేదు.

ఇప్పుడు తోలుబొమ్మలు గానీ, కథ చెబుతూ చూపించే పటాలు గానీ, ఆటలో వాడే వస్తువు ఏదైనా నా దగ్గరికి వస్తే మూడు అడుగుతాను: దీన్ని ఏ వెలుగులో చూసేవాళ్ళు, ఎక్కడ దాచేవాళ్ళు, పాడైతే ఎవరు బాగుచేసేవాళ్ళు. వీటికి జవాబు రాకుండా బోర్డు కొలతలు తీసుకోను. మీటర్లు మొదటి రోజే పెడతాను.

మూడో ప్రశ్న రావణుడి దగ్గర పుట్టింది. ఆ చిరుగు మా గదిలో జరిగింది కాబట్టి మేమే బాగుచేసి ఇవ్వడం ధర్మం అనుకున్నాను. మా పద్ధతిలో, తర్వాత తీసేయగలిగేలా పలచని జపనీస్ కాగితం అతికించాలి. కానీ ఈ బొమ్మ మళ్ళీ ఆటకు వెళ్తుంది, తెరకు రాసుకుంటుంది, కాగితం ఒక్క రాత్రి ఆగదు. ఆ ఇంట్లో ప్రతి బొమ్మ మీదా తరతరాల కుట్లున్నాయి. కాబట్టి బాగుచేయడం వాళ్ళ పని. మేం చేయాల్సింది ఖర్చు భరించడం, ఏం జరిగిందో రాసి ఇవ్వడం. ఆ రెండూ చేశాం.

బొమ్మలు అప్పగించిన రోజు పెద్దాయన వాటిని మా కాగితాలతో పోల్చి చూసుకోలేదు. ఇంటి ముందు ఎండకు ఎదురుగా ఒక్కొక్కటీ ఎత్తిపట్టి, చిల్లులన్నీ వెలుగుతున్నాయో లేదో చూశాడు. రావణుడి దగ్గర ఆగి, చిరుగు మీద బొటనవేలు ఆనించి, "ఈడ రెండు కుట్లు పడతాయి" అని మనవడిని సూది, దారం తెమ్మన్నాడు.